అత్తమ్మ విప్పనియ్యని ఇంజన్

మొన్న పొద్దున నేను మా మెడికల్ దుకాణం షట్టర్ లేపుతుంటె మరిది ఫోన్ చేసిండు. "వదినా, అమ్మ పోయింది" అన్నడు. ఆ వారం అత్తమ్మ కమఠాణ ఊర్ల మరిది ఇంట్ల ఉన్నది. చాయ తాగి, కందిపప్పు చాట ఒళ్ళె పెట్టుకొని గోడకు ఆనుకొని కూసున్నదట. తోటికోడలు నీళ్ళ బిందె దించి వచ్చేసరికి చాట అట్లనే ఉన్నది, అత్తమ్మకు ఊపిరి లేదు.

మట్టి చేసే ముందు చర్చిల పాస్టరయ్య మాట్లాడుతూ ఆమె ప్రార్థన గురించి, ఓపిక గురించి చెప్పిండు. అవన్నీ నిజమే. నన్ను కూడ రెండు మాటలు చెప్పుమన్నరు. నా మనసుల ఉన్నదేమో ఒక కారు సంగతి. శవపేటిక ముందర నిలబడి కారు గురించి ఏం మాట్లాడుతనని ఊకున్న. ఆమెను ఎరుగని మీకు ఇక్కడ చెప్పుకుంటున్న.

మా అత్తమ్మ చిట్‌గుప్ప సర్కారు హైస్కూల్ల సైన్స్ టీచరు. బీదర్ నుంచి రోజూ బస్సుల పోయి వచ్చేది. కన్నడంల పాఠం చెప్పేది, దక్కనీల కోప్పడేది, తెలుగుల ప్రార్థన చేసేది. రిటైరైనంక కూడ వాడకట్టు మొత్తానికి ఆమె టీచరమ్మనే. నేను కోడలిగ వచ్చిన కొత్తల ఆమెను 'మీరు' అనేదాన్ని. "నువ్వు అను బిడ్డా. మీరంటె నాకు స్టాఫ్ రూంల కూసున్నట్టే ఉంటది" అన్నది.

ఆ ఎండకాలం నేను తోడేసిన పెరుగు రోజూ పులిసి, నీళ్ళు నీళ్ళు అయితుండె. అత్తగారింట్ల కొత్త కోడలికి ఆ భయం ఎట్లుంటదో మీకు చెప్పే పని లేదు. అత్తమ్మ మూడు గిన్నెలు తెచ్చింది. ఒకదాంట్ల పక్కింటివాళ్ళ తోడు వేసింది. ఒకదాంట్ల వేరే పాలు పోసింది. ఇంకోదాంట్ల మా పాలే, మా తోడే, కాని గిన్నెను మాత్రం పొయ్యికి దూరంగ, కిటికీ కింద పెట్టింది.

"ఒక్కసారి ఒక్కటే మార్చాలె బిడ్డా. అన్నీ మారిస్తె, బాగైనా ఎందుకు బాగైందో తెల్వదు" అన్నది.

కిటికీ కిందున్న గిన్నెల పెరుగు గట్టిగ తోడుకున్నది. నా చెయ్యి మంచిదే, గిన్నె పెట్టిన జాగనే వేడి. ఆ పొద్దు ఆమె మీద నాకు కుదిరిన నమ్మకం మళ్ళ ఎన్నడూ కదల్లే.

ఇగ కారు సంగతి. మా ఆయనకు చిన్నప్పటి సంది స్పోర్ట్స్ కారంటె పిచ్చి. పోస్టర్లు గోడకు అతికించుకున్న వయసు దాటి, పిల్లలు పెద్దగైనంక, హైదరాబాద్ల ఎవరో వాడిన ఎర్ర కారు ఒకటి కొనుక్కొచ్చిండు. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుంటది. మా గల్లీల మనుషులంత వచ్చి చూసిపోయిండ్రు. అత్తమ్మ ఒక చుట్టు తిరిగి చూసి, "దీంట్లకు ఎక్కుడు లేదు, దిగుడే ఉన్నది" అన్నది.

కొన్నాళ్ళకు మరిది తన దోస్తు పెండ్లి బరాత్ కోసమని ఆ కారు అడిగిండు. మా ఆయన మనసొప్పకనే తాళం చేతిల పెట్టిండు. కారు వాపస్ వచ్చినంక దాంట్ల సత్తువ లేదు. స్టార్ట్ అయితుండె, గల్లీల మెల్లగ మంచిగనే పోతుండె. కాలు గట్టిగ తొక్కితే మాత్రం ముందుకు ఉరకకుండ మూలుగుతుండె. రోడ్డు ఎక్కుడు వస్తె లారీలు కూడ దాన్ని దాటిపోయినయి. స్టీరింగ్ ముందర పసుపు లైటు వెలిగి ఆరకుండ ఉన్నది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం అన్నానికి కూసున్నప్పుడు మాట మొదలైంది.

"దీన్ని ఎంత ఉరికించినవ్ రా?" అన్నడు ఆయన.

"నేనేం చెయ్యలే అన్నా."

"చెయ్యకుంటె దానికేం రోగం? బోరు ఎండగొట్టినవ్, అల్లం మురగబెట్టినవ్, ఇప్పుడు ఇది. నువ్వు ముట్టింది ఏది బాగుంటది?"

ఆ ఏడు వానలు ఆగక మరిది చేన్ల అల్లం మొత్తం దుంపకుళ్ళు వచ్చి పోయింది. అది అందరికీ తెలుసు. మరిది పళ్ళెం ముందర నుంచి లేచి, చెయ్యి కడుక్కొని, చెప్పులు తొడుక్కొని పోయిండు. తర్వాత ఆదివారాలు రాలే. చర్చిల కనబడితే తల్లితోని మాట్లాడి అటునుంచి అటే కమఠాణ పోయేటోడు. అత్తమ్మ ఇద్దర్ల ఒక్కన్ని కూడ ఏమీ అనలే. వంట మాత్రం ఎప్పటి లెక్కనే, మరిది వస్తడన్నట్టే చేయించేది.

షెడ్డు మెకానిక్ వచ్చి, బండి నడిపి చూసిండు. "టర్బో పోయినట్టున్నది సార్. ఇంజన్ దించి చూడాలె" అన్నడు. టర్బో అంటె ఇంజన్‌లకు గాలిని ఒత్తి పంపే చక్రం. అది ఒత్తి పంపితేనే బండికి ఉరుకుడు. మా ఆయన దించమనేటోడే. అత్తమ్మ అడ్డం వచ్చింది.

"విప్పుడు ఎప్పుడైన విప్పొచ్చు. విప్పినంక, విప్పకముందు ఎట్లుండెనో చూద్దామంటె చూడలేం. నాకు జర టైమ్ ఇయ్యి పెద్దోడా."

"కార్ల గురించి నీకేం తెలుసమ్మా?"

"ఏం తెల్వదు. అందుకే అడుగుత."

నిజంగనే అడిగింది. ఫోన్ల హిందీ వీడియోలు, కన్నడ వీడియోలు పెట్టుకొని, అర్థం కాంది మెకానిక్‌ను పిలిచి అడిగేది. అతను కూడ ఓపికగ చెప్పేటోడు. తర్వాత మా ఆయనను కూసోబెట్టి అడిగింది. సత్తువ తగ్గింది బండి చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? చదునుల కూడనా, ఎక్కుడులనేనా? చప్పుడు ఏమన్న మారిందా? ఎక్కడినుంచి వస్తున్నది? ఆయన విసుక్కుంటనే చెప్పిండు. కాలు తొక్కినప్పుడు ముందరి దిక్కు బుస్సుమన్నట్టు వినబడుతున్నదని అప్పుడే గుర్తు తెచ్చుకున్నడు.

అవే మాటలు, అదే గొంతుతోని, మరిదికి ఫోన్ చేసి అడిగింది. నేను పక్కనే ఉన్న. మరిది, "అమ్మా, పోయేటప్పుడే బండి బరువుగ ఉండె. అన్నకు చెప్తె నామీదికే వస్తదని చెప్పలే" అన్నడు.

ఆయనకు ఆ మాట చెప్తె, "తప్పించుకోనీకె చెప్తున్నడు" అన్నడు.

"కావొచ్చు. కాకపోవచ్చు. నేను నమ్ముతలేను, కాదంటలేను. చూద్దాం" అన్నది అత్తమ్మ. కొడుకు గురించి తల్లి అట్ల అనుడు నాకు ఆ రోజు కటువుగనే అనిపించింది.

స్టీరింగ్ కింద పెట్టే చిన్న యంత్రం ఒకటి ఆయన తెప్పించిండు. అది పెడితే బండికి ఏమైందో ఫోన్ల చూపిస్తది. గాలి ఒత్తిడి తక్కువున్నదని చూపించింది.

"చూసినవా? టర్బోనే" అన్నడు ఆయన.

"తక్కువున్నదని చెప్తున్నది. ఎందుకు తక్కువున్నదో చెప్తలేదు" అన్నది అత్తమ్మ.

ఈ మాట నేను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్ననో. పిల్లల మార్కులు తగ్గినప్పుడు, దుకాణంల పనిచేసే అమ్మాయి మూగగ ఉన్నప్పుడు.

తల్లీకొడుకులు ఇద్దరు కలిసి ఇంజన్‌ల స్పార్కు ప్లగ్గులు తీసి చూసిండ్రు. నాలుగు ఒక్క తీరుగ బిస్కెట్ రంగుల ఉన్నయి. అంటె పెట్రోలు మంచిగనే కాలుతున్నది. గాలి ఫిల్టర్ చూసిండ్రు. తళతళ ఉన్నది. "ఇది నేనే బరాత్ ముందర కొత్తది వేసిన" అన్నడు ఆయన, జర గర్వంగనే. ఒక్కొక్కటి చూసినంక బండిని ఎక్కుడు దాక నడిపి రమ్మనేది. ఆయన పోయి, అట్లనే వచ్చి, తల అడ్డం ఊపేటోడు.

ఆమె కూడ తప్పుల పడ్డది. పొగ పోయే గొట్టంల ఏదో అడ్డం పడ్డదని ఆమెకు మస్తు గట్టిగ అనిపించింది. ఒక సెలవు రోజంత ఆయనతోని దాన్ని విప్పించింది. తొందరపడి వేడి గొట్టం ముట్టుకొని వేలు కాల్చుకున్నది. లోపల ఏమీ లేదు. ఆయనకు కోపం వచ్చింది. ఆమె వేలిని నీళ్ళల్ల పెట్టుకొని, "నేను అనుకున్నది తప్పు. మంచిగైంది, ఇంక అటుదిక్కు చూసే పని లేదు" అన్నది. తప్పైందని అంత నిమ్మలంగ ఒప్పుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలే.

ఇగ మిగిలింది గాలి పోయే తోవ. టర్బో నుంచి ఇంజన్ దాక లావు గొట్టాలు, వాటి నడుమ రబ్బరు జోడింపులు. ఎక్కడన్న సందు ఉంటె ఒత్తిన గాలి బయటికే పోతది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ సందు దొరకదు, గాలి ఒత్తాలె. అత్తమ్మ వీడియో చూసి ఉపాయం నేర్చుకున్నది. నల్లా పైపుకు వేసే ప్లాస్టిక్ మూత ఒకటి తెప్పించి, దానికి బొక్క పెట్టించి, టైరు వాల్వు బిగించింది. మెకానిక్ కాలుతోని కొట్టే పంపు ఇచ్చిండు. "టీచరమ్మా, నా షెడ్డు బంద్ చేపిస్తవా ఏంది" అని నవ్విండు కూడ.

పంపు కొట్టనీకె ఆమె మరిదిని పిలిచింది. "అన్న ఉంటడా?" అని అడిగిండట. "ఉంటడు. అన్న సబ్బు నీళ్ళు కొడతడు, నువ్వు గాలి కొట్టు. మాట్లాడే పని లేదు" అన్నది.

వచ్చిండు. అన్నదమ్ములు ఇద్దరు బండికి అటొకరు ఇటొకరు నిలబడ్డరు. మూతను టర్బో నోటికి బిగించిండ్రు. మరిది మెల్లగ పంపు తొక్కుతున్నడు. ఆయన సబ్బు నీళ్ళ సీసాతోని ఒక్కో జోడింపు మీద కొడుతున్నడు. అత్తమ్మ ఇంజన్ మీదికి వంగి చూస్తున్నది, నేను ఆమె వెనక ఉన్న. ఫిల్టర్ డబ్బా పైనుంచి పోయే లావు గొట్టం దగ్గర, రబ్బరు మీద బిగించిన పట్టీ అంచున, నురుగు బుసబుస పొంగింది. పట్టీ వంకరగ కూసున్నది. నాకు కనబడ్డది. ఆమెకు నాకంటె ముందే కనబడ్డది.

ఆమె నడుము పట్టుకొని లేచింది. "నా కండ్లకు సరిగ్గ ఆనుతలేదు పెద్దోడా. ఆ మూల నువ్వు జర చూడు" అన్నది.

అప్పటికే ఆమెకు రెండు కండ్ల ఆపరేషన్ అయింది. అద్దాలు లేకుండ సూదిల దారం ఎక్కించేది.

ఆయన వంగి చూసిండు. పట్టీ అంచును వేలుతోని తడిమిండు. "ఇది నేను విప్పిన" అన్నడు. "ఫిల్టర్ మార్చనీకె ఇది అడ్డముండె. విప్పి, మళ్ళ పెట్టిన. సరిగ్గ కూసోలే."

మరిది కాలు ఆగింది.

"కొట్టు చిన్నోడా, ఆగకు" అన్నది అత్తమ్మ. "ఒకటి దొరికిందని మిగిలినయి ఇడుస్తమా?"

మిగిలిన జోడింపులన్నీ చూసిండ్రు. ఎక్కడా నురుగు రాలే. ఆయన పట్టీ తీసి, రబ్బరు సాఫ్ చేసి, సరిగ్గ కూసోబెట్టి బిగించిండు. చేతులు తుడుచుకుంట తమ్మునిదిక్కు చూడకుండనే అన్నడు: "నాదే తప్పు రా. బండి సంగతి కాదు. ఆ రోజు నోరు జారింది."

మరిది పంపు మీదినుంచి కాలు తీసిండు. "కాలు గుంజుతున్నది అన్నా. ఇంకోసారి గాలి పెట్టి చూడాలంటె నువ్వే కొట్టు" అన్నడు. ఆయన పంపు దగ్గరికి పోయి కొట్టిండు. ఈసారి నురుగు లేదు.

అంతటితోని అయిపోయిందనుకున్న. అత్తమ్మ మరిదిని అడిగింది: "బరాత్ల నువ్వు ఉరికించింది నిజమేనా?"

"నిజమే అమ్మా."

"అది తప్పు. కాని ఇది దానివల్ల కాలే. రెండూ వేరే వేరే."

వంటింట్లకు వచ్చినంక నేను అడిగిన, "అత్తమ్మా, నీకు ముందే కనబడ్డది కదా?" అని.

"కనబడ్డది."

"మరి చెప్పకపోతివి."

"నేను చెప్తె చిన్నోన్ని వెనకేసుకొచ్చినట్టయితుండె. తన కండ్లతోని తనే చూస్తె, ఇంక ఎవరితోని కొట్లాడతడు?" అన్నది, రొట్టెల పిండి నాదిక్కు జరుపుకుంట.

ఆమె గొప్పతనం ఇంజన్ బాగుచేసుడు కాదని మీకు ఇప్పటికే అర్థమై ఉంటది. మెకానిక్‌కు ఇంకో వారం టైమ్ ఇస్తె అతను కూడ పట్టుకునేటోడు. తప్పు ఎక్కడున్నదో తేలకముందే తప్పు ఎవరిదో తేల్చే ఇండ్లు మనయి. ఆ ఇంట్ల ఆమె తొందరపడలే. తేలినంక కూడ ఎవరి తలా వంచలే.

ఆ సాయంత్రం ఎండ దిగుతుంటె నలుగురం బయలుదేరినం. "చిన్నోడు నడపాలె" అన్నది అత్తమ్మ. ఆయన తాళం తమ్ముని చేతిల పెట్టి వెనక సీట్ల దూరిండు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నయి. ఆయన పక్కన నేను. ముందర అత్తమ్మ, పట్టీ కట్టిన వేలుతోని. ఊరు దాటి దిగుడు దిగినం, కింద మలుపు తిప్పుకొని మళ్ళ పైకి వచ్చినం. ఎక్కుడు మొదలుకాంగనే మరిది అన్న మొఖం అద్దంల చూసిండు. "తొక్కు" అన్నడు ఆయన. మరిది తొక్కిండు. బండి నన్ను సీటుకు ఒత్తి పట్టుకొని పైకి గుంజుకపోయింది. చెరుకు లారీ వెనక్కి పోయింది, ఎర్రమట్టి గట్లు వెనక్కి పోయినయి. అత్తమ్మ కిటికీ అద్దం దించి అరచెయ్యి బయటికి పెట్టింది. ముడి ఊడి తెల్ల వెంట్రుకలు నా మొఖం మీదికి ఎగురుతున్నయి. గాలి ఆ చేతిని వెనక్కి నెడుతున్నది, ఆమె లోపలికి తీసుకుంటలేదు. "ఇంకొంచెం పోనియ్యి చిన్నోడా" అన్నది.