పేర్లు మార్చుకున్న నా సవతి

నాకు దుబాయ్‌లోని డేరాలో ఒక సవతి ఉండేది. కంగారు పడకండి, మనిషి కాదు. ఒక చిన్న హోటల్ కింది అంతస్తులో ఉన్న పబ్బు. మేముండేది షార్జాలో, రోలా దగ్గర. అక్కడ మందు అమ్మరు. మా ఆయన ఆఫీసేమో డేరాలో. అందుకని గురువారం, అంటే సెలవుకి ముందురోజు, పని అవగానే ఇద్దరు స్నేహితులతో ఆ పబ్బులో కూర్చుని, కాస్త బీరు తాగి, బస్సెక్కి ఇంటికొచ్చేవారు. వారానికి ఒక్కసారే. అయినా సవతి సవతే కదా!

దాని పేరు ఇంగ్లీషులో బారెడు పొడుగు. గుమ్మం మీద గుర్రం బొమ్మ ఉండేది కాబట్టి మనవాళ్లందరికీ అది "గుర్రం". అప్పట్లో నేనెప్పుడూ దాని గడప తొక్కలేదు. నాకు తెలిసిందల్లా అక్కడి సెనగలు. గ్లాసుతో పాటు ఊరికే ఇచ్చే తాలింపు సెనగలు, కరివేపాకూ ఎండుమిర్చీ వేసినవి. మా ఆయన వాటిలో గుప్పెడు టిష్యూ కాగితంలో పొట్లం కట్టి, చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చేవారు. తాళంచెవి ఉన్నా సరే, బెల్లు కొట్టేవారు. నేను తలుపు తీయగానే పొట్లం నా చేతిలో పెట్టేవారు. జేబు దగ్గర ఇంత నూనె మరక.

"మళ్లీ చొక్కా పాడుచేశారా! ఉతికేది మీరా నేనా?" అని నేను.

"ఇంట్లో సబ్బు లేదేంటి?" అని ఆయన.

చెప్పులు విప్పకముందే ఇద్దరం గుమ్మంలో నిలబడి ఆ సెనగలు తినేసేవాళ్లం.

కరోనా వచ్చిన ఏడు గుర్రం మూతపడింది. దాని యజమాని, ఒక ముసలి ఇంగ్లీషాయన, అమ్మేసి వాళ్ల దేశం వెళ్లిపోయాడట. గురువారం సాయంత్రాలు మా ఆయన బాల్కనీలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకే జాలేసింది. ఒకరోజు వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చింది. కాసేపటికి బెల్లు మోగింది. ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరొస్తారు? భయపడుతూ మాస్కు తగిలించుకుని తలుపు తీస్తే, బయట మా ఆయన! చేతిలో పొట్లం. సెనగలు సగం మాడిపోయాయి. ఆ మాస్కులోనే నవ్వీ నవ్వీ నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మళ్లీ అన్నీ తెరిచాక పబ్బుని ఒక బొంబాయి ఆయన కొన్నాడు. గుర్రాన్ని దింపేసి క్రికెట్ పేరేదో పెట్టాడు. నల్లటి చెక్క గోడలకి ఆకుపచ్చ రంగు కొట్టించి, ఎటు చూసినా టీవీలు పెట్టించాడు. సెనగలు ఎత్తేసి పాప్‌కార్న్ మొదలెట్టాడు. ఆ వారం పొట్లంలో అదే వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేంటండీ, సినిమాకెళ్లొచ్చారా? సెనగలేవని అతన్ని అడగండి."

"నీ సవతి ఏం వండితే నీకెందుకే?" అని నవ్వారు.

నవ్వారు గానీ అడిగారు. ఆయనొక్కరే కాదు, పాతవాళ్లందరూ అడిగారు. నెల తిరక్కుండా సెనగలు మళ్లీ వచ్చాయి.

తర్వాత సెలవులు శని, ఆదివారాలకి మారాయి. మా గురువారం కాస్తా శుక్రవారమైంది. పబ్బు కూడా ఇంకో చేతికి పోయింది. ఈసారి ఊదారంగు లైట్లు, పాటలు పాడుకునేందుకు మైకు, ముచ్చటగా మూడో పేరు. మా ఆయన మాత్రం ఫోన్‌లో ఎప్పుడూ "గుర్రం దగ్గరున్నా" అనే అనేవారు.

పోయిన ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. కొన్నాళ్లకి కర్ర పట్టుకుని నడిచారు గానీ, నన్ను గుర్తుపడుతున్నారో లేదో ఎవరికీ తెలియలేదు. అన్నం పెడితే మర్యాదగా తలూపేవారు, ఆసుపత్రిలో నర్సుకి ఊపినట్టే. కట్టుకున్న మొగుడు మర్యాదగా ఉంటే ఎంత భయమేస్తుందో నాకప్పుడు తెలిసింది.

"అలవాటైన చోట్లకి తీసుకెళ్తూ ఉండండి" అన్నాడు డాక్టరు. గుడికి తీసుకెళ్లాను. క్రీక్ దాటించే అబ్రా పడవ ఎక్కించాను. పెళ్లి ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటికీ అదే తలూపు. ఇక మిగిలింది సవతి ఇల్లొక్కటే.

ఒక శుక్రవారం సాయంత్రం టాక్సీలో తీసుకెళ్లాను. లోపలికి అడుగుపెట్టి చుట్టూ చూశాను. గుర్రం లేదు, చెక్క గోడలు లేవు, స్నేహితులిద్దరూ ఎప్పుడో దేశం వెళ్లిపోయారు. ఈయనకి గుర్తు రావడానికి ఇక్కడేముంది? ముగ్గురు యజమానుల దగ్గరా పనిచేసిన మలయాళీ వెయిటరొకడు పరిగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మా ఆయన అతనికీ మర్యాదగా తలూపారు. నేను ఇద్దరికీ నిమ్మకాయ సోడా చెప్పాను.

"మాలిక్ బదల్ గయా, నామ్ బదల్ గయా, చనా వహీ హై భాభీ" అంటూ అతను, యజమానీ పేరూ మారినా తను మారని ఆ సెనగల గిన్నె తెచ్చిపెట్టాడు.

మా ఆయన ఒక్క సెనగ నోట్లో వేసుకున్నారు. మెల్లగా నమిలారు. తర్వాత ఎడమ చేత్తో టిష్యూ లాగి, బల్ల మీద పరిచి, సెనగలు పోశారు. ఒంటి చేత్తో మడత పడదే! సాయం చేయబోతే నా చెయ్యి నెట్టేశారు. ఎలాగో ఉండలా చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఎదురుగా కూర్చున్న నాకు ఒక్కటీ ఇవ్వలేదు. ఇంట్లో ఉన్న పెళ్లానికి దాచారు. ఆవిడ గుర్తుంది, నేను లేను. ఏడవాలో నవ్వాలో తెలియక ఆయన సోడా కూడా నేనే తాగేశాను.

ఇంటికొచ్చాక తాళం తీసి, ముందు నేను లోపలికెళ్లి లైటు వేశాను. ఆయన రాలేదు. తిరిగి చూసేసరికి తలుపు బయటినుంచి లాగేసుకున్నారు. బెల్లు మోగింది.

తలుపు తీశాను. ఆయన జేబులోంచి ఆ ఉండ తీసి నా చేతిలో పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. దేనికోసమో ఎదురుచూస్తున్నారు. జేబు దగ్గర ఇంత నూనె మరక. నేనూ అన్నాను.

"మళ్లీ చొక్కా పాడుచేశారా! ఉతికేది మీరా నేనా?"

ఆయన పెదాలు కదిలాయి. చాలాసేపు పట్టింది.

"స... సబ్బు" అన్నారు.