ధ్యానానికి మీసమిచ్చి వచ్చినా

నా మూతి చూసి నవ్వొద్దండప్పా! మీసం యాడికి పోయిందో చెప్తా, ముందు టీ తాగండి.

మొన్న ఆదివారం మా బామ్మర్ది సీనుగాడు హిందూపురంలో ధ్యానం క్లాసుండాదని నన్ను బస్సెక్కించినాడు. ధర్మవరంలో నా మాదిరి నేసేటోడు లేడని మీకు తెల్సు గదా. నేను మగ్గంలో కూచుంటే పట్టుపురుగులే వచ్చి దండం పెడతాయి! అట్లాంటోనికి కండ్లు మూసుకోనేది ఒక పనా? పెనుకొండ రాకముందే బస్సంతా ఇనేట్ల చెప్పినా: "గంటసేపు కదలకుండా కూచుంటా. కదిలితే మీసం తీసేస్తా!"

"మాట మీద ఉంటావా బావా?"

"ఏరా, నేనెవురనుకున్యావు!"

ఆడ అందరూ చాపల మీద కూచున్యారు. నాకు మోకాళ్లు వంగవని కుర్చీ వేసినారు. సరిగ్గా నా ముందర, కింద, సీనుగాడు. చెప్పేది ఒక పెద్ద టీచరమ్మ. "ఊపిరి దానంతకదే పోతాది, వస్తాది. ఊరికే చూస్తా ఉండండి" అనింది.

ఊరికేనా? కష్టపడకుండా వచ్చేది ధ్యానమెట్లయితాది? పండ్లు బిగబట్టినా. పిడికిళ్లు బిగించినా. ఊపిరే ఆపేసినా! కింద కుర్చీ కిర్రుకిర్రుమంటాంది.

టీచరమ్మ చెవి కాడికొచ్చింది. "ఏమప్పా, ధ్యానం చేస్తాండావా, లారీ తోస్తాండావా? వదిలెయ్యి."

సరేలే అని వదిలేసినా. అబ్బబ్బా, ఏం హాయి! ఊపిరి పోతాంది, వస్తాంది. లోకం లేదు. నేనే లేను!

"చచ్చినానమ్మో!"

కండ్లు తెరిస్తే ఏముండాది? నా కాళ్లు రెండూ సీనుగాని వీపు మీద! ఎడమ, కుడి, ఎడమ, కుడి... మగ్గం కింద చెక్కలు తొక్కినట్ల తొక్కుతాండాయి. చెయ్యేమో వాని జుట్టు పట్టుకోని, మగ్గంలో నాడెను అటూ ఇటూ ఉరికించే తాడు గుంజినట్ల గుంజుతాంది! ఇంకో జాన నేసింటే వాడు చీరైపోయేటోడు!

టీచరమ్మ ఒకటే నవ్వు. "ఈ పొద్దు నిజంగా ధ్యానంలోకి పోయింది ఈయప్పొక్కడే" అనింది.

"ఇన్యావారా? ఇంక మీసం మాట వదిలెయ్యి!"

"ధ్యానం సంగతి ఆమె చూసుకుంటాది బావా. నువ్వు కదిలినావా, లేదా?"

వీపు రుద్దుకుంటానే నన్ను సెలూన్‌కు ఈడ్చుకోని పోయినాడు.

ఇంటికొస్తే మా ఇంటామె వాకిట్లోనే ఆపి, "ఎవురప్పా నువ్వు?" అనింది. అంతా ఇని తల కొట్టుకునింది. "మగ్గంలో కూచుంటే పదిసార్లు పిల్చినా పలకవు. ఇంట్లో రోజూ చేసేదానికి హిందూపురం పోయి మీసమిచ్చి వచ్చినావా? పోనీలే, గమ్మునుండు. అది దానంతకదే వస్తాది."

గమ్మునుంటే వస్తాదంటప్పా! మూడు దినాల నుంచి అద్దం ముందర నిలబడి, పండ్లు బిగబట్టి, నేను గమ్మునే ఉండా!