బజారుదాకా వినబడిన కూత

బషీరున్నీసా మేడం నోరు మంచిది కాదని గురజాల పక్కన ఊరి హైస్కూల్లో అందరూ అంటారు. అననీయండి. మెకానిక్ షెడ్డులో సుత్తి మోతల మధ్య పెరిగిన మనిషి గుసగుసలాడుతుందా? కబడ్డీలో జిల్లా జట్టుదాకా వెళ్ళి, ముప్పై రెండేళ్ళకు పీఈటీ ఉద్యోగం తెచ్చుకుంది.

చేరిన వారంలోనే ఆ బడి తీరు చూసింది. గేమ్స్ పీరియడ్ అనగానే మగపిల్లలు గ్రౌండ్లోకి, ఆడపిల్లలు గోడ నీడలోకి. అక్కడ వాళ్ళ పని అబ్బాయిల వాచీలకూ చెప్పులకూ కాపలా. మేడంకు ఒళ్ళు మండిపోయింది. "ఏందే, మిమ్మల్ని వాచ్‌మెన్లుగా పెట్టుకున్నారా? లెగండి" అని తొమ్మిదో తరగతి ఆడపిల్లలను కోర్టులోకి దింపింది.

ఆట త్వరగానే వచ్చింది. కూతే రాలేదు. కబడ్డీ కబడ్డీ అని గుక్క తిప్పుకోకుండా పైకి అనాలంటే పిల్లలకు చచ్చేంత సిగ్గు. అందులో రుచిత మరీనూ. కాస్త లావుగా ఉంటుందని క్లాసువాళ్ళు 'డ్రమ్ము' అని పేరుపెడితే, ఆ పిల్ల నోరు తెరవడమే మానేసింది. అందుకని ప్రాక్టీసులో మేడం ఒక పద్ధతి పెట్టింది. కూతకు వెళ్ళిన పిల్ల గొంతు తగ్గితే, జట్టంతా వెనక నుంచి అందుకోవాలి. ఎగతాళి చేస్తే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. రెండు నెలలు తిరిగేసరికి ఏడుగురి గొంతులూ బజారుదాకా వెళ్ళాయి.

అక్కడే వచ్చింది తంటా. గోడ అవతల కిరాణా కొట్టు రుచిత తాత గోపాలకృష్ణయ్యది. ఒక శుక్రవారం ఆయన హెడ్మాస్టరు గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఆడపిల్లల అరుపులేందండీ? కొట్టుకొచ్చినోళ్ళు నవ్వుతున్నారు. చానా తలవొంపులుగా ఉంది."

హెడ్మాస్టరుది పాము చావకుండా, కర్ర విరగకుండా బతికే వ్యవహారం. మేడంను పిలిపించాడు. "సోమవారం నుంచి ఆ పీరియడ్లో ఆడపిల్లల్ని గదిలో చదివించండి మేడం."

"ఆర్డరు రాసియ్యండి సార్" అంది బషీరున్నీసా. "ఆడపిల్లల గొంతు బజార్లో వినబడుతుంది కాబట్టి ఆట ఆపుతున్నామని కారణం కూడా రాయండి. పై ఆఫీసుకు నేనే పట్టుకెళ్తా."

హెడ్మాస్టరు ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"చప్పుడు లేకుండా ఆడించమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నాడు గోపాలకృష్ణయ్య.

"కూత ఆగితే అవుటే పెద్దయ్యా. ఆ రూలు నేను పెట్టింది కాదు."

సంగతి తెలిసి పిల్లలు ఏడుగురూ అప్పటికే గుమ్మం దగ్గరకు చేరారు. రుచిత ముందుకొచ్చింది. తాత ఎదుట తల దించుకుని నిలబడింది. ఈ పిల్ల ఇప్పుడు నోరు తెరవకపోతే ఇంకెప్పటికీ తెరవదని మేడంకు భయమేసింది. అయినా తను అందుకోలేదు.

"తాతయ్యా, ఈసారి ఎవరన్నా నవ్వితే, అది నా మనవరాలి గొంతని చెప్పు."

వరండాలో వెళ్తున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. ఆ పిల్ల ఇంట్లో అంత మాట మాట్లాడి ఏడాది దాటింది. ముసలాయన మనవరాలి ముఖంలోకి చూసి, కండువా సర్దుకుని లేచాడు. హెడ్మాస్టరు తెల్లకాగితాన్ని సొరుగులో పెట్టేశాడు.

సోమవారం మొదట కూతకు వెళ్ళింది రుచితే. గోడ అవతల ఎవరో నవ్వారు. "మా పిల్లే, ఏం?" అన్నాడు గోపాలకృష్ణయ్య.