మా మామ బండలకు నేను కట్టిన వెబ్‌సైటు

ఆ రోజుల్లో కంప్యూటరుకు మేమిచ్చిన మర్యాద ఇంటికొచ్చిన వియ్యంకుడికి కూడా ఇచ్చి ఉండం. గది బయటే చెప్పులు విప్పేవాళ్లం. పని అయిపోగానే తెర మీద పూల గుడ్డ కప్పేవాళ్లం. పక్కన ఎవరైనా తుమ్మితే ‘జర దూరం పోయి తుమ్ము’ అనేవాళ్లం. (వైరస్ అనే మాటను మేం ఆ విధంగా అర్థం చేసుకున్నాం.) దాన్ని ముట్టుకోవడం తెలిసిన మనిషికి ఊళ్లో ఒక హోదా ఉండేది. ఆ హోదా డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాకు అనుకోకుండా వచ్చిపడింది. తాండూరులో మా వీధి వాళ్లు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ‘కంప్యూటరు పిల్ల’ అనడం మొదలుపెట్టారు. అందులో సగం మెచ్చుకోలు, సగం వెటకారం అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం మొత్తం మెచ్చుకోలే అనుకున్నాను.

మా నాయినది కందుల వ్యాపారం. మా మేనమామది ఇళ్లల్లో నేలకు పరిచే బండల పాలిషింగు యూనిట్. వారానికి మూడు రోజులు పొద్దున రైలెక్కి వికారాబాద్ వెళ్లి, అక్కడొక ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్‌పేజీలు చేయడం నేర్చుకునేదాన్ని. పంపించింది మామే. నాయినకు అది బొత్తిగా నచ్చలేదు. “దుకాణం ఏడుందో కనపడదట, దానికి బోర్డు మాత్రం కడుతదట” అని గోనె సంచుల మధ్య కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేవాడు.

ఇన్‌స్టిట్యూట్ సార్ మంచివాడు. సన్నగా, ఎప్పుడూ ఒకే బూడిద రంగు ప్యాంటులో ఉండేవాడు. మొదటి రోజే ఆయన కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాడు. తెల్ల కాగితంలాంటి పేజీ ఒకటి వచ్చింది. “కోడ్ గీడ్ ఏం రాసేది లేదమ్మా. గీడికెల్లి బొమ్మ గుంజు, గాడ ఇడువు. అక్షరాలు కొట్టు, రంగెయ్యి. నీకెట్ల కనిపిస్తదో లోకానికి గట్లనే కనిపిస్తది” అన్నాడు. అంత సులువైన చదువు ఇంతకుముందు నాకెవరూ చెప్పలేదు. మా కాలేజీలో ఖాతాల పుస్తకం చెప్పే మాస్టారు మూడు నెలలైనా మొదటి పాఠం దాటలేదు మరి.

నెల తిరక్కుండానే మామ బండలకు వెబ్‌సైటు కట్టే పని నా మీద పడింది. మామ ఆఫీసులో ఒక కంప్యూటరు ఉండేది. కొన్న దగ్గర్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పాలిషింగు దుమ్ము దాని మీద తెల్లగా పేరుకుంటుంటే రోజూ తుడవడమే దానికి జరుగుతున్న సేవ. నేను దాని మీది పూల గుడ్డ తీసి సాఫ్ట్‌వేర్ ఎక్కించి కూర్చున్నాను. ఫోటో స్టూడియో ఆయన బండల ఫోటోలు స్కాన్ చేసి ఇచ్చాడు. నీలం బండ, పసుపు బండ, అంచు చెక్కిన బండ, చెక్కని బండ. ఒక్కొక్కదాన్ని పట్టి లాగడం, పేజీ మీద వదలడం. అది అక్కడ బుద్ధిగా కూర్చునేది. పేజీ వెనకంతా బండ బొమ్మే పరిచాను. దాని మీద ఎర్ర అక్షరాలు. పైన ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తే పచ్చ అక్షరాల స్వాగతం. (కళ్లకు ఇంతకంటే ఎక్కువ హాని చేయడం ఆ సాఫ్ట్‌వేర్‌తో సాధ్యం కాదు. ప్రయత్నించి చూశాను కాబట్టి చెబుతున్నాను.)

మామ వెనక నిలబడి సలహాలిచ్చేవాడు.

“బిడ్డా, నా ఫోటో జర పెద్దగ పెట్టు.”

“ఇంక పెద్దగ పెడితే బండలకు జాగ ఉండదు మామా.”

“బండలు చిన్నగున్నా ఏం గాదు. మనిషిని చూసి కదా బండ కొనేది!”

కాదనలేక మామ మీసాన్ని పేజీ మధ్యలో ఒక జానెడు చేశాను.

పని అవుతుండగానే ఒక కబురొచ్చింది. బీదర్‌లో పెద్ద కట్టడాలు కట్టించే సేటొకాయన రైల్లో వికారాబాద్ వరకు వచ్చి, అక్కడి నుంచి మామ జీపులో తాండూరు వచ్చి బండలు చూస్తాడట. మామకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. “వికారాబాద్ల దిగంగనే నెట్ సెంటర్‌కు తోలుకపోయి మన వెబ్‌సైటు చూపిస్త. బండ చూడకముందే సేటు ఖుష్ కావాలె” అన్నాడు. ఆ మాట నాయిన చెవిన పడింది. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ ఆయన తన తీర్పు చెప్పాడు. “మంచిది. ఆ సేటు మెచ్చుకున్నడా, నువ్వు వికారాబాద్ పోవుడు సాగుతది. మెచ్చలేదా, గీ రైళ్లెక్కుడు బంద్. కాలేజీ అయినంక దుకాణంల కూసో.” నాకు రవ్వంత భయం కూడా కలగలేదు. పేజీ ఎంత బాగుందో నా కళ్లతో నేను చూస్తున్నాను కదా!

సేటు వచ్చే ముందు రోజు పేజీని ఫ్లాపీలో ఎక్కించాను. అన్ని ఫోటోలున్న పేజీ ఆ చిన్న ఫ్లాపీలో ఇట్టే పట్టింది. ఇంకా సగం పైగా ఖాళీ మిగిలింది. కొంచెం బుద్ధి ఉన్నవాళ్లెవరికైనా అక్కడ అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. ఎంత పొందికగా కట్టానో అనుకున్నాను. ఫ్లాపీని నోటుపుస్తకంలో పెట్టుకుని వికారాబాద్ వెళ్లి, నెట్ సెంటర్ అన్న సాయంతో పేజీని ఇంటర్నెట్‌లోకి ఎక్కించాను. ‘అయిపోయింది’ అని తెర మీద రావడం, కరెంటు పోవడం ఒక్కసారే జరిగాయి. నాకేమో రైలు టైమైంది. ఎక్కింది కదా, ఇక చూసేదేముందని వచ్చేశాను.

మర్నాడు మామ ఇస్త్రీ బట్టల్లో, అత్తరు వాసనతో, నన్నూ జీపులో ఎక్కించుకుని వికారాబాద్ స్టేషన్‌కు వచ్చాడు. రైలు దిగిన బీదర్ సేటు పొట్టిగా, నెమ్మదిగా ఉన్నాడు. మా తెలుగు ఆయనకు బాగానే తెలుసు, ఆశ్చర్యం కలిగితే మాత్రం కన్నడ వచ్చేసేది. ముగ్గురం నెట్ సెంటర్‌కు వెళ్లాం. పక్కనే ఇన్‌స్టిట్యూట్ కావడంతో సార్ కూడా తన శిష్యురాలి ఘనత చూద్దామని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మోడెం కాసేపు కీచుమని అరిచి ఊరుకుంది. పేజీ నెమ్మదిగా, పై నుంచి కిందికి తెరుచుకుంది.

నీలం బండ ఉండాల్సిన చోట ఒక ఖాళీ డబ్బా, దాని మూలన ఎర్రటి ఇంటూ గుర్తు. పసుపు బండ దగ్గర ఇంకో డబ్బా, ఇంకో ఇంటూ. మధ్యలో అన్నిటికంటే పెద్ద డబ్బా. అది మామ. నేను ఎంతో ముచ్చటపడి కొట్టిన తెలుగు అక్షరాల స్థానంలో చుక్కలు, కొక్కేలు, ఇంగ్లీషు ముక్కలు, ఎక్కడా వినని గుర్తులు. స్వాగతం మాత్రం ఆ గుర్తుల్లోనే హుషారుగా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతోంది.

మామ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “ఇది ఏం భాష బిడ్డా? కన్నడమా?”

సేటు ముందుకు వంగి చూశాడు. “ఇదు కన్నడ అల్రీ” అని, మామకు అర్థం కాలేదేమోనని “మాది గిట్ల ఉండదు” అని కూడా చెప్పాడు.

“మామా, ఆఫీసు కంప్యూటర్ల మంచిగనే కనిపించింది” అన్నాను. సార్ వైపు చూశాను. సార్ తలుపు దగ్గర లేడు. (ఆయనకు అప్పుడే ఎవరో ఫోన్ చేశారని తర్వాత చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఉన్న ఒక్క ఫోను నెట్ సెంటర్లోనే ఉండేది.) ఇక నా రైలు ప్రయాణాలు, నా చదువు, నా హోదా అన్నీ ఆ ఎర్ర గుర్తుల కింద సమాధి అయినట్టే అనిపించింది.

మామ లేచి జీపు దగ్గరికి వెళ్లాడు. సీటు కింద నమూనాకని ఎప్పుడూ ఉంచుకునే బండ ముక్కలు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. నీలం ముక్కను తెర మీది మొదటి డబ్బాకు ఆనించి పట్టుకుని, “సేటూ, గీడ ఇది ఉంటది” అన్నాడు. పసుపు ముక్కను రెండో డబ్బాకు ఆనించాడు. “గీడ ఇది.” నెట్ సెంటర్ అన్న “తెర పగులుతది, మెల్లగ!” అని మొత్తుకుంటున్నాడు. అలా వరుసగా అన్నీ చూపించి, మధ్య డబ్బా దగ్గరికి వచ్చేసరికి ముక్కలు అయిపోయాయి. మామ తన ముఖాన్నే తెర పక్కకు తెచ్చి, “గీడ నేనుంట” అన్నాడు.

సేటు నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వుతూనే నీలం ముక్కను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రాసి చూసి, వెలుతురుకు పట్టి చూశాడు. “పాలిష్ చలో ఐతి” అని, బాగుందన్నట్టు తలూపి, ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు. సాయంత్రం యూనిట్ అంతా తిరిగి చూసి, బండలకు మాట ఇచ్చి వెళ్లాడు.

ఆయన్ను బస్సెక్కించి వచ్చేదాకా నేను మామ ముఖం చూడలేదు. చివరికి ఆఫీసులో ఆ కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి, “మిషన్ మీద బండ పగిలితే పారేస్తమా బిడ్డా? సైజు తగ్గించి మళ్ల కోస్తం. ఏడ తప్పయిందో చూడు” అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. రాత్రి నాయిన అడగనే అడిగాడు, సేటు ఏమన్నాడని. “వెబ్‌సైటు చూసి మస్తు నవ్విండు బావా. అంత ఖుష్ అయిండు” అన్నాడు మామ. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నా రైలు ఆగలేదు.

తప్పు కనుక్కోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ పేజీలో ఫోటోలను పెట్టలేదు, అవి మామ కంప్యూటరులో ఎక్కడున్నాయో ఆ చిరునామా మాత్రమే రాసుకుంది. వికారాబాద్ కంప్యూటరు ఆ చిరునామా పట్టుకుని తన ఇంట్లోనే వెతికి, దొరకక, ఇంటూ పెట్టి ఊరుకుంది. తెలుగు ఫాంటు సంగతీ అంతే, అదీ మామ కంప్యూటరులోనే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్ వెనక దాచి ఉంచిన కోడ్ తెరిచి, ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదివి కనుక్కున్నాను. సార్‌కు చెబితే కుర్చీ దగ్గరికి జరుపుకుని, “నాకు గూడ జర చూపియ్యమ్మా” అన్నాడు. ఆయన మీద గౌరవం పెరిగింది ఆ రోజే.

ఈసారి ఫోటోలన్నీ ఎక్కించాను. తెలుగు అక్షరాలను కూడా ఫోటోగా చేసి పెట్టాను. పేజీ అడుగున, ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె ఒకటి తగిలించాను. వికారాబాద్ వెళ్లినప్పుడల్లా ముందు ఆ అంకె చూసుకునేదాన్ని. వారానికి ఏడో ఎనిమిదో పెరిగేది. ఇంటికొచ్చి, లోకం మన బండలు చూస్తోందని చాటింపు వేసేదాన్ని. ఆ ఊపులోనే మిగతా చదువంతా చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, ఇవాళ్టికీ ఆ పనే చేస్తున్నాను.

మొన్నీమధ్య మామ ఇంటికి వెళితే పాత మాటలు వచ్చాయి. యూనిట్ మూసేసి చాలా కాలమైంది. మామ కుర్చీలో కునుకుతున్నాడు. అత్తమ్మ చాయ్ ఇస్తూ అంది: “మీ మామ అప్పట్ల పని మీద వికారాబాద్ పోతే నెట్ సెంటర్ల కూసోకుండ వస్తుండెనా? నీ పేజీ తెరిపిచ్చుకునుడు, చూసుడు. మళ్ల మళ్ల తెరువుమంటుండెనట. ఆ పిలగాడు పరేషాన్ అవుతుండె.”

మామ కళ్లు తెరవకుండానే, “ఫోటోలు ఉన్నయా మళ్ల పోయినయా అని చూస్తుంటి” అన్నాడు.

వారానికి ఆ ఏడో ఎనిమిదో ఎవరో అప్పుడు తెలిసి, చాయ్ గ్లాసు పట్టుకుని చాలాసేపు నవ్వాను. లోకమంతా తన పేజీ చూస్తోందని రైలు కిటికీ పక్కన ఉప్పొంగిపోతూ తాండూరు తిరిగొచ్చే ఆ పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఈ సంగతి దానికి అప్పుడే తెలియకపోవడం మంచిదైంది. తెలిసి ఉంటే, పాపం, ఇంత దూరం వచ్చేది కాదు.