పెట్‌వే గారి ఎడమ కాలు

సిలోయాము చర్చిలో ఆర్గన్‌కి ఎడమ పక్కన ఒక మడత కుర్చీ వేసుకుని వెర్డెల్ సగ్స్ ఏడేళ్ళు కూర్చుంది. ఏడేళ్ళంటే మాటలా! ఆ కుర్చీలో కూర్చుంటే పాస్టరు కనపడడు, పాడేవాళ్ళు కనపడరు. కనపడేదల్లా ఆర్గన్ వాయించే ఎలొంజా పెట్‌వే గారి మోచెయ్యీ, ఆయన ఎడమ కాలూను. వెర్డెల్‌కి అదే చాలు. వారమంతా బడి వంటశాలలో నాలుగొందల మంది పిల్లలకు వండి వార్చి, ఆదివారం ఆ కాలు చూడటానికి పరుగెత్తుకొచ్చేది.

చికాగో సౌత్ సైడ్‌లో పెట్‌వే పేరు చెబితే చెవి కోసుకునేవాళ్ళు. పాస్టరు ప్రసంగం వేడెక్కి, మాట రాగంలోకి జారుతుంది చూడండి, ఆ శ్రుతి ఎక్కడుందో పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకునే సందులో ఆర్గన్ జవాబు చెప్పాలి. ముందు పడితే పాస్టరు మాట మింగేసినట్టే. వెనక పడితే ఆయన్ని నడిరోడ్డు మీద వదిలేసినట్టే. పెట్‌వే ఒక్కనాడు ముందు పడలేదు, వెనక పడలేదు. పైన చేతులు పాస్టరుతో మాట్లాడుతుంటే, కింద ఎడమ కాలు ఆర్గన్ అడుగున వరసగా ఉండే చెక్క మెట్ల మీద నడుస్తూ మంద్రస్వరాలు పలికించేది. ఆ కాలే చర్చిని మోస్తోందనిపించేది.

అంత గొప్పవాడికీ ఒక జబ్బుంది, పిసినారితనం. ఆరాధన అవగానే స్వరం మార్చే కడ్డీలన్నీ ఒక్క తోపున లోపలికి నెట్టేసేవాడు. ఏ కడ్డీ ఎంత లాగి ఆ నాదం తెచ్చాడో ఇంకొకళ్ళు కనిపెట్టకూడదు మరి! మొదటి ఏడాది వెర్డెల్ తెలియక నోరు జారింది.

"బ్రదర్ పెట్‌వే, ఇందాక ప్రసంగంలో పాస్టరు గారు యెర్ర సముద్రం దగ్గర ఆగారు కదా, అప్పుడు కాలితో మీరు వేసిందీ..."

ఆయన ఆర్గన్ మూత దభీమని వేశాడు. "చూడమ్మా సిస్టర్ సగ్స్. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కళ్ళుంటాయి, చెవులుంటాయి. నోరుండదు. అలబామాలో ఆర్గన్ వాయించే మదర్ అర్లీషా వెనకాల నేను పదకొండేళ్ళు కూర్చున్నా. ఒక్క ముక్క అడిగానా? అడిగితే లేచి పొమ్మనేది. చూసి పట్టుకుంటే నీది. అడిగి తెచ్చుకుంటే అది అరువు."

అంతే. మళ్ళీ ఆమె నోరెత్తలేదు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు, ఆ విద్య చేతులు మారే పద్ధతే అది. ఇంట్లో ఆర్గన్ కొనే తాహతు లేక, వంటింటి నేల మీద సుద్దముక్కతో మెట్లు గీసుకుని సాధన చేసేది. కింది వాటాలో ముసలాయన చీపురు కర్రతో పైకప్పు పొడిచి, "ఏమమ్మో, పైన గుర్రాన్ని గానీ కట్టేశావా?" అని అరిచేవాడు. చర్చిలో పెద్దావిడ మదర్ టాలివర్ అయితే అందరిముందూ ఆట పట్టించేది.

"ఏమే వెర్డెల్, ప్రభువుని చూడ్డానికొస్తున్నావా, పెట్‌వే బూటుని చూడ్డానికొస్తున్నావా?"

"రెండింటికీ మదర్. ప్రభువు బూటు కనపడట్లేదు, ఏం చెయ్యను?"

నవ్వులు నవ్వులే కానీ, ఆమె కోరేది ఒక్కటే. ఎప్పుడో ఒకనాడు ఆయన తనంతట తానుగా "వచ్చిందమ్మా నీకు" అనాలి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ ఒక్క మాట కోసం బతుకుతోందంటే అతిశయోక్తి కాదు.

పంతొమ్మిది వందల డెబ్భై రెండు మార్చి మొదటి ఆదివారం పెట్‌వే కాలు ఆలస్యంగా పడింది.

వెర్డెల్ ఉలిక్కిపడింది. చెయ్యి తన చోట తాను పడింది, కాలు మాత్రం మెట్టు పైన అర క్షణం ఆగి, అప్పుడు దిగింది. ఒకసారి కాదు, పాట పొడుగునా అంతే. పైగా ఆయన కిందికి చూస్తున్నాడు! కాళ్ళు చూసుకునేవాడు ఆర్గనిస్టే కాదని పదిమందిలో వెక్కిరించే మనిషి, తల వంచి, బూటు వంకా మెట్టు వంకా మార్చి మార్చి చూస్తూ వాయిస్తున్నాడు.

చర్చి ఊగిపోయింది. పడాల్సిన అడుగు పడక, జనం ముందుకు వంగి దానికోసం ఎదురుచూసి, పడగానే ఒక్కసారి లేచి చప్పట్లు. "ఒక్క అడుగు వెయ్యడానికి ఇంతసేపా! ప్రాణం తీస్తున్నావు కదయ్యా పెట్‌వే!" అని మదర్ టాలివర్ కళ్ళొత్తుకుంది.

వెర్డెల్ బస్సులో ఇంటికెళ్తూ ఏడ్చింది, సంతోషంతో. ఎవరికోసం కిందికి చూశాడాయన? ఆ పక్కన కూర్చున్నది తనొక్కతే. నోటితో చెప్పనని ఒట్టు పెట్టుకున్న మనిషి కంటితో చెబుతున్నాడు, ఇదిగో చూడు, ఇక్కడ ఆపు, ఇప్పుడు వెయ్యి అని. పిచ్చిది! ఆ రాత్రినుంచే సుద్దగీతల మీద కాలు ఆపి ఆపి వెయ్యడం మొదలుపెట్టింది.

ఏప్రిల్లో ఒకసారి ఆయన కాలు రెండు మెట్ల మీద ఒకేసారి పడింది. అపస్వరం. ఆయన మొహం పాలిపోయింది. 'ఏమైంది బ్రదర్' అన్న మాట వెర్డెల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి నోరుండదు కదా. మింగేసింది.

జూన్‌లో పెట్‌వేని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. చక్కెర జబ్బు. బూటు అడుగున మేకు ఎప్పుడో లేచి పాదంలో దిగితే ఆ మనిషికి తెలియనే లేదట. లోపల కుళ్ళి పైకి పాకింది. ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. వెర్డెల్ ఆ కబురు వంటశాలలో విని, చిలగడదుంపల గంపలో తల పెట్టుకుని బావురుమంది.

వాయించేవాళ్ళు లేక చర్చివాళ్ళు ఆమెనే ఆర్గన్ ముందు కూర్చోబెట్టారు. సెప్టెంబరు రెండో ఆదివారం పెట్‌వే భార్య ఓజెల్లా ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. దుప్పటి కింద ఒక పక్క ఖాళీ. ఆయనకి వెర్డెల్ ఇవ్వగలిగింది ఒక్కటే, ఆయన విద్య. పాస్టరు స్వరం అందుకోగానే ఆ ఆలస్యపు అడుగు వేసింది. ఆగి, ఆపి, అప్పుడు వేసింది. జనం లేచిపోయారు. "పెట్‌వే! అచ్చం పెట్‌వే!" అని కేకలు. ఓజెల్లా రెండు చేతులూ పైకెత్తి ఏడ్చింది. పెట్‌వే కూడా ఏడ్చాడు. వెర్డెల్ అది చూసి పొంగిపోయింది.

అందరూ కింద భోజనాలకి దిగాక ఆయన దగ్గరికి పిలిచాడు.

"కాలు అంత ఆలస్యంగా వెయ్యమని నీకెవరు చెప్పారు?"

"మీరే కదా బ్రదర్! మార్చి మొదటి ఆదివారం నుంచి. నాకు కనపడాలని కిందికి చూస్తూ మరీ వేశారు."

ఆయన దుప్పటి ఖాళీగా ఉన్న వైపు సర్దుకున్నాడు.

"వెర్డెల్," అన్నాడు. సిస్టర్ సగ్స్ అనకపోవడం అదే మొదటిసారి. "నీకు చూపించడానికి కాదమ్మా. పాదానికి స్పర్శ పోయింది. మెట్టు తగిలిందో లేదో తెలిసేది కాదు. కళ్ళతో వెతుక్కుని వేసేసరికి తాళం దాటిపోయేది. జనం బాగుందన్నారు. నేనూ సిగ్గుపడి ఊరుకున్నా."

ఆమె చూపు ఆర్గన్ కింది మెట్ల మీదికి పోయింది.

"మార్చిలోనే చూశావన్నమాట," అన్నాడాయన. "ఇంకెవరూ చూడలేదు. డాక్టరు అన్నాడు, వసంతంలోనే వచ్చుంటే ఒక్క కాలివేలితో పోయేదని."

"నేను అడగాల్సింది బ్రదర్. నేను అడగాల్సింది."

"అడగొద్దన్నవాణ్ణి నేనేగా! అడిగినా లేచి పొమ్మనేవాణ్ణి." నవ్వబోయాడు, రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చిందమ్మా నీకు. ఒక్కటీ వదలకుండా వచ్చింది."

ఏడేళ్ళు ఎదురుచూసిన మాట. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది వెర్డెల్‌కి.

"ఓజెల్లాకి మాత్రం చెప్పకు," అన్నాడు పెట్‌వే. "ఒకే మంచం మీద పడుకుని కాలు చూసుకోలేకపోయానని ఇప్పటికే తల బాదుకుంటోంది. ఇంకొకళ్ళు ముందే చూశారంటే అది బతకదు."

తరువాతి ఆదివారం వెర్డెల్ తాళం తప్పకుండా, ఎక్కడ పడాల్సిన అడుగు అక్కడ వేసి వాయించింది. మంచి వాయింపే. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యీ అవగానే ఓజెల్లా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమ్మా, ఆయన అడుగేదీ?"

"అదీ... అలా వాయించడం సరికాదమ్మా."

"సరికాదా? వారమంతా ఆ పుండు కడిగి కట్లు కట్టేది నేను. ఆదివారం ఆ అడుగు చెవిన పడుతుందన్న ఆశతో ఆయన్ని నాలుగు వీధులు తోసుకుంటూ వస్తున్నా. డాక్టర్లు కోసి అవతల పారేశారు నా మొగుడి కాల్ని. మిగిలింది నీ దగ్గరుంది. అది కూడా తీసేస్తావా తల్లీ?"

వెర్డెల్ ఏమని చెబుతుంది? తల వంచుకుని, "లేదమ్మా, వేస్తాను" అంది.

ఆ పై ఆదివారం వేసింది. చెయ్యి పడింది, కాలు మెట్టు పైన ఆగింది. ఆ అర క్షణంలో, మార్చిలో అడగాల్సిన మాట ముందుకొచ్చి నిలబడింది: బ్రదర్, మీ కాలికేమైంది? అడుగు పడింది, జనం లేచారు. మళ్ళీ చెయ్యి, మళ్ళీ ఆగిన కాలు, మళ్ళీ అదే ప్రశ్న. మూడు బారల దూరంలో పెట్‌వే నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పక్కన ఓజెల్లా కళ్ళు మూసుకుని, చెంపలు తడిసిపోతుంటే, వెలిగిపోతున్న మొహంతో "ఇంకోసారి, తల్లీ, ఇంకోసారి" అంటోంది.

వెర్డెల్ ఇంకోసారి వేసింది.