ఫౌకియ్యా అత్తకు సూది

ఈజిప్టులోని మా టాంటా ఊళ్లో, మా సందు పిల్లలకు దయ్యాలంటే భయం లేదు, ఫౌకియ్యా అత్తంటే ఉంది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లు చేసి దిగిపోయాక, ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని సందు మొత్తానికీ ఇంజెక్షన్లు చేసేది. నా ఇస్త్రీ కొట్టు సరిగ్గా ఎదురుగా ఉండేది కనుక ఆ వైభవమంతా కళ్లారా చూశాను.

గొంతు నొప్పని ఎవరొచ్చినా ఎండలో నిలబెట్టి, చెంచా కాడతో నాలుక నొక్కి చూసేది.

"ముక్కు కారుతోంది, దగ్గుతున్నావు. ఇది ఉత్త జలుబు. నిమ్మకాయ పిండుకుని తాగి పడుకో, నా సూది దండగ చెయ్యకు."

దగ్గు లేకుండా జ్వరం కాసి, గొంతులో తెల్లటి మచ్చలు, దవడ కింద బిళ్లలు కనిపిస్తే మాత్రం ముఖం మారిపోయేది. వెంటనే సందు చివర వగీహ్ డాక్టరు దగ్గరికి పంపి చీటీ రాయించుకు రమ్మనేది. మేడ మీద పావురాల గూళ్ల వెనక నక్కిన పిల్లల్ని చెవి పట్టుకుని దింపేది.

"గొంతు నొప్పేగా అని మా తమ్ముడు సబ్రీని వదిలేశాం. అది కీళ్లలోకి దిగింది, ఆనక గుండెలోకి పాకింది. పద్నాలుగేళ్లకే పోయాడు. నువ్వు ఏడిస్తే ఏడువు," అనేది. ఆ మాటకు ఎంత మొండి తల్లయినా బిడ్డను వదిలి పక్కకు జరిగేది.

కోడలు ఇజ్లాల్ కూడా నర్సు చదువు చదివింది. చదివి ఏం లాభం? నాలుగేళ్లుగా అత్త ఆమెను నారింజపళ్ల మీద తప్ప మనిషి మీద సూది పట్టనివ్వలేదు. "నీది బండ చెయ్యే," అనేది. ఆ నారింజలు రసం తీస్తే మందు వాసన కొట్టేవని నా భార్య అనుమానం.

ఒక చలికాలం ఫౌకియ్యా అత్త గొంతే పడిపోయింది. మెడకు శాలువా చుట్టుకుని, జామాకు కషాయం తాగుతూ రెండు రోజులు సైగలతోనే తిట్టింది. మూడో రోజు జ్వరంతో వణుకుతుంటే ఇజ్లాల్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

వగీహ్ డాక్టరు చూసి నవ్వు ఆపుకున్నాడు. "సందేహమే లేదు, నువ్వు అందర్నీ నా దగ్గరికి తోలే ఆ గొంతు జబ్బే. ఒక్క సూదితో పోతుంది. కాదంటే పది రోజులు మాత్రలు."

"మాత్రలు," అంది అత్త. సందంతా విస్తుపోయింది.

మూడు రోజుల్లో జ్వరం తగ్గింది, గొంతు లేచింది. ఆరో రోజు మళ్లీ కూలబడింది. ఇజ్లాల్ దిండు ఎత్తి చూస్తే మాత్రల పట్టీ సగానికి సగం అలాగే ఉంది.

"మధ్యలో మానేస్తే ఊరి వాళ్లను చెప్పుతో కొట్టినంత పని చేస్తారు కదా అత్తయ్యా!"

"వాళ్లకి నాకున్న తెలివి ఉందా?" అని బొంగురుగా గొణిగింది.

ఈసారి డాక్టరు సూదే అన్నాడు. వినగానే అత్త కనబడకుండా పోయింది. చివరికి పావురాలకు గింజలు వేయడానికి మేడెక్కిన కసాయి షహ్హాత్ గావుకేక పెట్టాడు. "దొరికింది రోయ్! గూళ్ల వెనకుంది!"

చిన్నప్పుడు అక్కడినుంచే అతన్ని ఆవిడ చెవి పట్టి దింపింది. ఇప్పుడతను తొంభై కిలోల మనిషి. ఎంతో మర్యాదగా చెయ్యందించాడు. "రా అత్తా, చీమ కుట్టినట్టుంటుంది అంతే. నాకు నువ్వు చెప్పిందే."

"నాకెవరూ సూది వెయ్యలేదురా ఇంతవరకు," అంది అత్త. అప్పుడే మాకు తెలిసింది. ఊరికంతా పొడిచిన మనిషి, ఒంటి మీద ఒక్క పోటూ లేదు.

సగం సందు ఆవిణ్ని ఊరేగింపుగా డాక్టరు గదికి చేర్చింది. మగవాళ్లం పరదా బయట నిలబడ్డాం. లోపల డాక్టరు సిరంజి ఎత్తాడో లేదో,

"నువ్వు మగాడివి. బయటికి నడు!"

"అత్తా, నేను డాక్టర్ని."

"నీకు బారసాలనాడు మొదటి సూది వేసింది నేను. నడు!"

డాక్టరు పరదా ఇవతలకు వచ్చి మా వరసలో నిలబడ్డాడు. ఇక లోపల సూది పట్టడం తెలిసిన ఆడమనిషి ఒక్కతే మిగిలింది. స్పిరిట్ వాసన పరదా దాటి వచ్చింది.

"ఎంతసేపే? పొడవ్వేం?"

"అయిపోయిందత్తయ్యా. దూది పట్టుకోండి."

"అబద్ధం."

"ఖాళీ సిరంజి చూడండి."

తర్వాత అత్త గొంతు సన్నగా వినబడింది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే, నీ చెయ్యి ఇంత తేలికని?"

"నారింజలు చెప్పలేకపోయాయి," అంది ఇజ్లాల్. పరదా ఇవతల డాక్టరుతో సహా అందరం గోడకు మొహాలు తిప్పుకున్నాం.

మందు దిగాక నొప్పి ఎలాగూ మొదలైంది. రెండు రోజులు కుంటుతూ, అడిగినవాళ్లకల్లా మోకాలి నొప్పని చెప్పింది. గొంతు మాత్రం నయమైంది. నయమయ్యాక తనే సూదుల స్టీలు డబ్బా తెచ్చి కోడలి చేతిలో పెట్టి, చెంచా మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడు గొంతు చూసేది అత్త, సూది వేసేది కోడలు.

మొన్న నా కొట్టు ముందు కూర్చుని టీ తాగుతూ సణిగింది.

"అందరూ దాని చెయ్యే కావాలంటున్నారయ్యా."

"మంచిదే కదా అత్తా?"

"మంచిదే. కానీ పిల్లలు ఏడవడమే లేదు. ఏడుపు వినబడకపోతే, మా ఇంట్లో వైద్యం జరుగుతోందని వీధికెలా తెలుస్తుంది?"