నలభై ఇళ్ళ వరస

మా మున్సిపల్ ఆఫీసు నీటి సరఫరా సెక్షన్‌కి ఒకే కిటికీ. ఆ కిటికీ పక్క కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న ఆవిడను చిన్నా పెద్దా అందరూ పిన్నిగారనే పిలిచేవారు. కమిషనర్‌కి కూడా ఆవిడ పిన్నిగారే. ఊళ్ళో ఎవరింటికి కొత్త కుళాయి వచ్చినా, ఎవరి పైపు మార్చినా అది ఆవిడ చేతిమీదుగానే రిజిస్టర్‌లోకి ఎక్కాలి.

ఆవిడ రిజిస్టర్లలో ఇళ్ళు నంబర్ల వరసలో ఉండేవి కావు. పన్నెండో నంబరు ఇంటి కింద ఎనభై ఏడు, దాని కింద నలభై, మళ్ళీ పదమూడు. ఆవిడ రాసింది నీళ్ళు నడిచే వరస. ట్యాంకులోంచి వదిలిన నీళ్ళు ముందు ఏ ఇంటికి చేరతాయో అది మొదటి గీత మీద, చివర ఏ ఇంటికి చేరతాయో అది ఆఖరి గీత మీద. ఆ వరస ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఆవిడ భర్త అప్పట్లో మా ఆఫీసులోనే వీధి వీధికీ నీళ్ళు వదిలే వాల్వులు తిప్పే ఉద్యోగి. పెళ్ళైన ఏడాది, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నెల రోజులపాటు తెల్లవారుజామునే ఆయన సైకిల్ వెనక కూర్చుని వీధి వీధీ తిరిగారట. ఆయన వాల్వు తిప్పేవారు. ఆవిడ నోట్‌బుక్ పట్టుకుని, ఏ కుళాయి ముందు బుసకొడుతుందో, ఏది తర్వాత బుసకొడుతుందో రాసుకునేవారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలియాల్సిన సమయానికి తెలియలేదు.

నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఆఫీసును కంప్యూటర్లలోకి మార్చే పనికి డేటా ఆఫీసర్‌గా చేరేనాటికి నా కూతురికి ఎనిమిది నెలలు. పగలు దాన్ని క్రెష్‌లో వదిలేదాన్ని. ఫోన్ మోగితే చాలు, పాపకేమైందో అనుకునేదాన్ని. అలాంటి మనిషి చేతికి పదిహేను మంది ఉద్యోగుల భవిష్యత్తు అప్పగించారు. మూడు నెలలు శిక్షణ, ఆ తర్వాత పరీక్ష. నలభైకి ఇరవై నాలుగు మార్కులు వచ్చినవాళ్ళు తమ సెక్షన్‌లోనే ఉంటారు. రానివాళ్ళు తపాలా గదికి వెళ్ళి, వచ్చే కాగితాల మీద ముద్ర కొట్టుకోవాలి. పరీక్ష అయ్యేనాటికి పిన్నిగారి రిటైర్మెంట్‌కి ఏడు నెలలే మిగులుతాయి. ఆ ఏడు నెలలూ ఆ కిటికీ పక్కనే గడవాలన్నది ఒక్కటే ఆవిడ కోరిక.

"ఈ వయసులో నాకు ప్రమోషన్ ఎందుకమ్మా, కూర్చున్న కుర్చీలోంచే ఇంటికి వెళ్తే చాలు" అన్నారు మొదటిరోజు.

ఆవిడ కీబోర్డ్‌ను నిద్రపోతున్న పసిపాపను తాకినట్టు తాకేవారు. ఏ మీట తర్వాత ఏది నొక్కాలో పుస్తకంలో రాసుకునేవారు. రెండో నెలకల్లా ఆవిడ వేళ్ళు నాకన్నా నెమ్మదిగానే కదిలినా, తప్పులు నాకన్నా తక్కువ. పక్క సీటులో కూర్చునే పన్నుల సెక్షన్ గుమాస్తా ఆవిడను ఆటపట్టించేవాడు.

"పిన్నిగారూ, ఇంత జాగ్రత్తగా నొక్కుతుంటే మెషీన్‌కే మొహమాటంగా ఉంది."

"నువ్వు కొట్టే దెబ్బలకి అది ఏడుస్తోంది నాయనా, నా దగ్గర కాస్త ఊరట పొందనీ."

పరీక్షకు రెండు రోజుల ముందు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఒక్క అనుమానం. ఇందులో ఇళ్ళను ఏ వరసలో ఎక్కించాలి?"

"ఏ వరసలో ఎక్కించినా ఫర్వాలేదు పిన్నిగారూ. సర్దుకునే పని కంప్యూటర్‌ది" అన్నాను. స్క్రీన్ మీంచి తలెత్తకుండానే అన్నాను.

పరీక్షకు ఊరి చివరి వాల్వు కింద ఉన్న నలభై ఇళ్ళ కనెక్షన్ ఫారాల నకళ్ళు తలొక కట్ట ఇచ్చాను. అందరూ కట్టలో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించడం మొదలుపెట్టారు. పిన్నిగారు కట్ట విప్పి, కాగితాలు బల్ల మీద పరిచి, ఒకదాని కింద ఒకటి సర్దుకుంటూ కూర్చున్నారు.

"పిన్నిగారు రమ్మీ ఆడుతున్నారండీ, మనకి ముక్కలు పంచలేదు" అన్నాడు పన్నుల గుమాస్తా. గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. టైమ్ వృథా చేసుకుంటున్నారు పాపం అనుకున్నాను. అయినా గంట కొట్టేలోపు నలభయ్యీ పూర్తి చేసి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని నా వైపు చూసి తలూపారు.

మార్కులు చేత్తో వేస్తే పక్షపాతం అంటారని చిన్న ప్రోగ్రామ్ రాశాను. సరైన జవాబుల పట్టికలో మొదటి గీతను వాళ్ళ ఫైలులో మొదటి గీతతో, రెండోదాన్ని రెండోదానితో పోల్చి, కలిస్తే ఒక మార్కు. కట్టలో ఉన్న వరసే పట్టికలోనూ ఉంది. రెండు రోజుల ముందు పిన్నిగారికి నేనేం చెప్పానో ఆ ప్రోగ్రామ్‌కి తెలియదు. అది రాసేటప్పుడు నాకూ గుర్తు రాలేదు.

పిన్నిగారి పేరుకు ఎదురుగా రెండు అని వచ్చింది. నలభైకి రెండు. ఒక్క క్షణం ఆగాను. ఫైలు తెరిచి చూద్దామని వేలు మౌస్ మీదికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే క్రెష్ నుంచి ఫోన్ వచ్చింది. పాపకు ఒళ్ళు వెచ్చగా ఉందట, వచ్చి తీసుకెళ్ళమన్నారు. పెద్దావిడ, కంగారు పడి ఉంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకుని, జాబితా కమిషనర్‌కి పంపించి పరుగెత్తాను. పాపకు వచ్చింది మామూలు జలుబు. సాయంత్రానికి తగ్గిపోయింది.

మర్నాడు జాబితా నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. పిన్నిగారు చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత నా గదికి వచ్చారు.

"రెండేనా అమ్మా?"

"ఆరు నెలలకి మళ్ళీ పెడతారు పిన్నిగారూ."

"కంప్యూటర్ తప్పు చెప్పదుగా?"

"చెప్పదు" అన్నాను.

ఆవిడ వాదించలేదు. మధ్యాహ్నానికి తన కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసా, కుర్చీలో వేసుకునే చిన్న దిండు తీసుకుని తపాలా గదికి వెళ్ళిపోయారు. కిటికీ పక్క కుర్చీలోకి ముప్పై ఆరు మార్కులు వచ్చిన కుర్రాడు వచ్చాడు. రిజిస్టర్లు గోనె సంచుల్లోకెక్కి వెనక బిల్డింగుకి వెళ్ళాయి. కంప్యూటర్‌లోని పట్టికను నేనే ఇంటి నంబర్ల వరసలో సర్దించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

మూడు నెలలు గడిచాయి. వానలు మొదలైన రెండో వారంలో ఊరి చివర కుళాయిల్లో మురికి నీళ్ళు వస్తున్నాయని ఫిర్యాదులు రావడం మొదలైంది. మొత్తం పదహారు ఇళ్ళు. ముగ్గురు పిల్లలకు విరేచనాలు, అందులో ఒకరిని ఆసుపత్రిలో చేర్చారు. పైపు ఎక్కడో పగిలి పక్క కాలవ నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి. ఎక్కడ అన్నది తెలియాలి. ఇంజనీరుగారు ఆఫీసుకు కొత్త. పదహారు ఇంటి నంబర్లనూ నా పట్టికలో ఎర్రగా గుర్తు పెట్టించి చూశారు. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా కనిపించాయి. ఊహించిన చోటల్లా తవ్వించారు. నాలుగు రోజుల్లో మూడు గోతులు. మూడుచోట్లా పైపు నిక్షేపంగా ఉంది. మా ఇల్లు ఊరికి అవతలి కొసలో ఉన్నా, ఆ నాలుగు రోజులూ పాపకు పట్టే నీళ్ళు రెండుసార్లు మరిగించాను.

ఐదోరోజు ఫిర్యాదుల కట్ట తిరగేస్తుంటే పదహారో ఉత్తరం వెనక గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ కనిపించింది. తపాలా గది ముద్ర కింద పిన్నిగారి గుండ్రటి అక్షరాలు: "ఇవన్నీ ఒకే పైపు మీద మలుపు తర్వాత ఉన్న ఇళ్ళు. మలుపు దగ్గర తవ్వి చూడగలరు." దాని మీద మూడు రోజుల కిందటి తేదీ ఉంది.

ఇంజనీరుగారికి చూపించాను.

"చూశానండీ. ఆవిడే స్వయంగా వచ్చి చెప్పింది కూడా. మీరు తపాలా చూసుకోండమ్మా అన్నాను" అన్నారాయన. "ఆవిడకి పరీక్షలో రెండు మార్కులటగా. మీరే వేశారటగా."

నా గదిలోకి వచ్చి తలుపు వేసుకుని, పిన్నిగారి పరీక్ష ఫైలు మొదటిసారి తెరిచాను. నలభై ఇళ్ళు. పేరు, నంబరు, పైపు సైజు, తేదీ. ఒక్క అక్షరం తప్పులేదు. వరస మాత్రం వేరు. ఫిర్యాదు చేసిన పదహారు ఇళ్ళనూ అందులో వెతికాను. ఇరవై నాలుగో గీత దగ్గర మొదలై ఆఖరి గీత దాకా ఒకదాని కింద ఒకటిగా ఉన్నాయి. మధ్యలో ఒక్క ఇల్లు తప్పిపోయింది. కనుక్కుంటే, ఆ ఇంటికి తాళం వేసి ఉందట. ఇరవై మూడో ఇంటివరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇరవై మూడుకీ ఇరవై నాలుగుకీ మధ్య ఉన్నది వీధి మలుపు.

ఆ మధ్యాహ్నం మలుపు దగ్గర తవ్వారు. మోకాలి లోతులోనే పగులు దొరికింది.

ఆసుపత్రిలో చేర్చిన పిల్లాడు రెండు రోజుల తర్వాత ఇంటికి వెళ్ళాడు. ఆ మూడు రోజుల్లో వాడికి ఇంకేమైనా అయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పరీక్ష ఫైళ్ళన్నీ తెరిచి చేత్తో మళ్ళీ దిద్దాను. జరిగింది రాసి కమిషనర్‌కి ఇచ్చాను. వారం తర్వాత జవాబు వచ్చింది: మార్కులు సవరించడమైనది, స్థానం భర్తీ అయినందున ఖాళీ ఏర్పడినప్పుడు పరిశీలించబడును. ఆ కాగితం పట్టుకుని తపాలా గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. అందరి ముందూ చెప్పడం బాగుండదన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. ఆ తర్వాతి ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను.

మేడమీద రెండు గదులు. ముందు గదిలో ఆవిడ భర్త, మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని వీధివైపు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పిన్నిగారు నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయి, గబగబా పరిచయం చేశారు.

"మా ఆఫీసులో కంప్యూటర్లు నేర్పే అమ్మాయి."

"రా తల్లీ, కూర్చో. ఇవాళ ఏ లైనుకి వదిలారు నీళ్ళు?"

పిన్నిగారే అందుకున్నారు. "ఆదివారం కదండీ, తనకెలా తెలుస్తుంది. రేపు సాయంత్రం నేను చెబుతాగా."

"అదేనమ్మా మా ఇంటి పద్ధతి" అన్నారాయన. "నేను మెట్లు దిగి నాలుగేళ్ళైంది. రోజూ ఈవిడ వచ్చి, ఫలానా వీధికి ఇన్నింటికి వదిలారు, ఫలానా వాల్వు మొరాయించింది అని చెబితేగానీ నాకు కాఫీ దిగదు. మొన్న మలుపు దగ్గర పైపు పగిలితే ఎక్కడో చూపించింది కూడా ఈవిడేనట. కిటికీ దగ్గర్నుంచి లేవకుండానే చూపించిందట."

పిన్నిగారు కాఫీ గ్లాసుల వైపు చూస్తున్నారు. నాకు అప్పుడు అర్థమైంది. తపాలా గదికి మారిన సంగతి ఆయనకు తెలియదు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు" అన్నారాయన ముందుకు వంగి. "పరీక్షలో ఈవిడకి ఎన్నొచ్చాయి? ఎన్నిసార్లడిగినా మాట మార్చేస్తుంది. పాసయ్యానులెండి అంటుంది."

"నలభైకి నలభై బాబాయిగారూ."

ఆయన భార్యవైపు తిరిగారు. "మరి ఇన్నాళ్ళూ దాచావేం? దిష్టి తగులుతుందనా?"

"మీరు ఊరంతా చాటుతారని" అన్నారు పిన్నిగారు. గొంతు మామూలుగానే ఉంది.

నన్ను సాగనంపే వంకతో మెట్లదాకా వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

"ఆయన సంతోషం కోసం అన్నావా?"

"లేదు పిన్నిగారూ. నిజంగా నలభయ్యే. మీ వరస వేరు, నా ప్రోగ్రామ్‌కి ఇచ్చిన వరస వేరు. ఫైలు తెరిస్తే ఆ రోజే తెలిసిపోయేది. తెరవలేదు."

"నేను అడిగానుగా నిన్ను."

"అడిగారు."

"ఏ వరసైనా ఫర్వాలేదన్నావు."

"అన్నాను."

ఆవిడ మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను కమిషనర్ జవాబు చెప్పాను. విని తలూపారు.

"ఇంకెంత, మూడు నెలలు. రోజుకో వీధి అల్లి చెప్పడం అలవాటైంది. ఒకసారి పొరపాటున నిన్నటి వీధే మళ్ళీ చెప్పాను. ఆయన కనిపెట్టి, ఆ లైనుకి రోజు విడిచి రోజు కదే అన్నారు." కొంచెం నవ్వారు. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను. "ఇలా నాకొక్కదానికే జరిగిందా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు.

"ఇంకొకరికి కూడా. జనన మరణాల సెక్షన్‌లో ఉండేవారు, పొడుగాయన. పైన ఒక గీత ఖాళీ వదిలి మొదలుపెట్టారు. అన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి. సున్నా వచ్చింది."

"సున్నా వచ్చిందని తలెత్తుకోలేక ముందే రిటైర్మెంట్ రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఆయన దగ్గరికి వెళ్ళావా?"

"ఇంకా లేదు."

"నా దగ్గరికి రావడం తేలికమ్మా. నేను తిట్టనని నీకు తెలుసు." ఆవిడ తలుపు తీశారు. "ఆయన తిడతాడు. ముందు అక్కడికి వెళ్ళాల్సింది."

మెట్లు దిగి వీధిలో నిలబడ్డాను. ఆ పొడుగాయన నంబరు నా ఫోన్‌లో, శిక్షణకు వచ్చినవాళ్ళ జాబితాలో ఉంది. చాలాసేపు మోగాక ఎత్తారు. నేనెవరో చెప్పాను.

అటువైపు టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఆ సున్నా వేసినమ్మాయివా?" అన్నారు.

"అవునండీ" అన్నాను.